క్లాసుకు కూర్చున్నాక వచ్చిన చలానా

గౌరవనీయులు శ్రీ మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి,
రవాణా శాఖ మంత్రి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

అయ్యా,

పలమనేరు నుంచి రాస్తున్నాను. డ్రైవర్లకు, ఒకటి రెండు బండ్లున్న చిన్న ఓనర్లకు అర్జీలు, నోటీసులకు జవాబులు రాసిపెట్టడం నా పని. లైసెన్సు రెన్యువల్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్సు కాగితాలు, ఈ మధ్య అన్నిటికంటే ఎక్కువగా చలానాలు. నా బల్ల ముందు కూర్చునేవాళ్లు చాలామంది ఫోన్లో వచ్చిన మెసేజ్ చదువుకోగలరు. ఆ మెసేజ్ వెనకున్న చట్టాన్ని మాత్రం ఎవరో ఒకరు చదివి చెప్పాలి. అలా చదివి చెబుతూ ఉండగా నా కంటబడిన ఒక అన్యాయం గురించే ఈ ఉత్తరం. మీకు విడిగా పంపకుండా నలుగురూ చదివేలా రాస్తున్నానంటే, ఇది ఒక్క డ్రైవరుతో పోయే విషయం కాదని నా నమ్మకం.

ఒక డ్రైవరు సంగతి చెబుతాను. పేరు వద్దు, బండి నంబరు వద్దు, ఏ ఆఫీసులో ఏం జరిగిందన్నదీ వద్దు. ఎవరినీ వేలెత్తి చూపడానికి రాయడం లేదు. వేరొకరి ఐషర్ లారీ తోలే మనిషి. మా చుట్టుపక్కల మండీల్లో టమోటా క్రేట్లు ఎత్తుకుని చెన్నైకి పోతాడు, వస్తాడు. ఒకనాడు రోడ్డు మీద స్పీడ్ గన్‌కు దొరికాడు. హద్దు దాటాడు, కాదనలేదు, జరిమానా కట్టాడు. లైసెన్సు తీసుకుని పై అధికారికి పంపారు. మూడు నెలలు బండి తోలకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ మూడు నెలలూ మండీలో హమాలీ పని చేశాడు. గడువు తీరాక రిఫ్రెషర్ క్లాసుకు కూర్చున్నాడు, పూర్తి చేశాడు, లైసెన్సు చేతికి వచ్చింది. మళ్లీ స్టీరింగ్ పట్టాడు.

తర్వాత కొన్నాళ్లకు బండిని ఎఫ్‌సీకి తీసుకుపోతే కట్టని చలానా ఒకటి బయటపడింది. కెమెరా తీసిన ఫొటో, అతివేగం. తేదీ చూస్తే అతను స్పీడ్ గన్‌కు దొరకడానికి ముందటిది. మెసేజ్ ఎప్పుడో ఓనరు వాడి వదిలేసిన పాత ఫోన్ నంబరుకు పోయింది. ఆ రోజు బండి తోలింది ఇతనే అని ఓనరు రాసిచ్చి, జరిమానా కట్టి, ఆ డబ్బు ఇతని బత్తాలో పట్టుకున్నాడు. అంతటితో పోయి ఉంటే నేను కలం పట్టేవాణ్ని కాను. కొద్దిరోజులకు ఇంకో నోటీసు వచ్చింది. ఇది రెండో నేరం గనుక లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని దాని సారాంశం.

“క్లాసుకు కూర్చుంటి గదన్నా. ఆడ చెప్పిందంతా విన్నాను. దాని తర్వాత ఒక్కతూరి కూడా బోర్డు మీదుండే నంబరు దాటించలే. మళ్లీ ఇది యాల వొచ్చె?” అని అడిగాడు.

మంత్రిగారూ, ఆ ప్రశ్నకు చట్టంలో సగం జవాబే ఉంది. మిగతా సగం మీరు చెప్పాలి.

చట్టంలో ఉన్నదేమిటో ముందు చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో గట్టిగా సవరించారు. అతివేగానికి సెక్షన్ 183 కింద చిన్న బండికి వెయ్యి నుంచి రెండు వేల దాకా, మధ్యతరహా, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేల దాకా జరిమానా. డబ్బుతో పని అయిపోదు. సెక్షన్ 206 నాలుగో ఉపసెక్షన్ కింద పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలి. తీసుకున్నట్టు రసీదు ఇస్తారు గానీ, ఆ రసీదు చూపించి బండి తోలడానికి లేదు. సెక్షన్ 19 కింద మొదటిసారికి మూడు నెలల అనర్హత, మళ్లీ చేస్తే లైసెన్సు రద్దు. మూడు నెలలు గడిచినంత మాత్రాన లైసెన్సు తిరిగి రాదు, రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేస్తేనే ఇస్తారు. ఇక సెక్షన్ 200 చెప్పేది మా డ్రైవర్లలో నూటికి ఒకరికి కూడా తెలియదేమో. జరిమానా కట్టి రాజీ చేసుకున్నా కోర్సు తప్పదు, లైసెన్సు మీద చర్య తప్పదు. పైగా అలా కట్టిన ప్రతి జరిమానా, రేపు ఇంకోసారి దొరికితే ‘ముందటి నేరం’ కింద లెక్కకు వస్తుంది. గొడవ ఎందుకులే అని ఓనరు గబుక్కున కట్టేసే రెండు వేలు డ్రైవరు పేరు మీద ఒక మచ్చగా నిలిచిపోతాయి.

అంటే మన దేశంలో క్లాసు జరిమానాకు బదులు కాదు. జరిమానా, అనర్హత, క్లాసు, మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మా వాళ్లలో చాలామంది క్లాసుకు కూర్చుంటే అన్నీ మాఫీ అని నమ్ముతున్నారు. ఈ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన చిత్తూరు జిల్లా పిల్లలు ఎంతోమంది బ్రిటన్‌లో ఉన్నారు, అక్కడి సంగతులు ఫోన్లో ఇంటికి చెబుతుంటారు. ఇంగ్లండులో హద్దును కొద్దిగా దాటినవాడికి పోలీసులే రెండు దారులు చూపిస్తారు. వంద పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు ఒక దారి. సొంత ఖర్చుతో స్పీడ్ అవేర్‌నెస్ క్లాసుకు పోవడం రెండో దారి. క్లాసు పూర్తిచేస్తే జరిమానా లేదు, పాయింట్లూ లేవు. మూడేళ్ల లోపల మళ్లీ దొరికితే మాత్రం ఆ రెండో దారి మూసుకుపోతుంది. ఈ పద్ధతి పనిచేస్తుందా అని అక్కడి రవాణా శాఖ లెక్క తీయించింది. 2018లో వచ్చిన ఇప్సోస్ మోరి సంస్థ నివేదిక ప్రకారం, క్లాసుకు పోయినవాళ్లు ఆరు నెలల లోపల మళ్లీ పట్టుబడడం 12 నుంచి 23 శాతం దాకా తగ్గింది. చిన్న సంఖ్య కాదు. మూడు నాలుగు గంటలు కూర్చోబెట్టి మాట్లాడితే మనిషి చేతిలోని బండి నెమ్మదిస్తుందన్నమాట.

ఆ పద్ధతి మాకూ తెమ్మని నేను అడగడం లేదు. మన రోడ్ల మీద జరిమానా, క్లాసు రెండూ కావాలన్నదే నా మాట. హైదరాబాదులో తాగి బండి నడిపి దొరికినవాళ్లను కోర్టుకు పంపే ముందు గోషామహల్, బేగంపేటలోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్‌కు కూర్చోబెడుతున్నారు. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రావాలి. భార్య పక్కన, తండ్రి పక్కన కూర్చుని ప్రమాదాల వీడియోలు చూసి, ఆ తర్వాత కోర్టుకు పోయి శిక్ష వేయించుకోవాలి. అక్కడా క్లాసు తర్వాతే శిక్ష. కానీ క్లాసు అయ్యాక కూడా శిక్షేమిటని అక్కడ ఎవరూ అడగరు. వరస ఏమిటో మొదటిరోజే చెబుతారు, క్లాసూ శిక్షా రెండూ ఒకే రాత్రి చేసిన ఒకే తప్పుకు. మా డ్రైవరుకు జరిగింది అది కాదు. అతను నేర్చుకోకముందు చేసిన పనిని, నేర్చుకున్నాక కూడా మారలేదనడానికి రుజువుగా తెచ్చి ముందు పెట్టారు. మందు వేయకముందు కాసిన జ్వరాన్ని చూపించి మందు పనిచేయలేదని రోగిని తిట్టినట్టుంది.

వేగం చిన్న తప్పని ఎవరైనా అంటే పలమనేరులో ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. మా ఊరు మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది. చిత్తూరు అందులో సగం ఎత్తులో ఉంది. మధ్య దూరం దాదాపు నలభై కిలోమీటర్లు. ఆ దిగుడులో ఎక్కువ భాగం మొగిలి ఘాట్‌లోనే. లోడు బండి అక్కడ గేరులో దిగాలి, డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు కాలిపోతాయి. 2024 సెప్టెంబరు 13న ఆ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నాయి. అప్పటికి మీరు మంత్రి అయి మూడు నెలలు. ఆ రోజు పోయిన ప్రాణాల గురించి నేను మీకు చెప్పనక్కర్లేదు. అంతకు ముందు ఏడాది, 2023 జూన్‌లో, ఘాట్ ఉన్న ఇదే హైవే మీద పలమనేరు మండలం భూతలబండ దగ్గర రాత్రిపూట రోడ్డు దాటుతున్న మూడు ఏనుగులను సరుకు వాహనం గుద్దింది. మూడూ చచ్చిపోయాయి. కౌండిన్య అడవికి ఆనుకుని బతికే మా ఊళ్లలో ఏనుగు అంటే పంట తొక్కే జీవం, భయం కూడా. అయినా ఆ పొద్దున ఆడవాళ్లు ఏనుగుల దగ్గర పసుపు కుంకుమ పెట్టి ఏడ్చారు. ఏనుగు అడ్డమొచ్చినా బండిని ఆపలేని బ్రేకు మనిషి అడ్డమొస్తే ఏం ఆపుతుంది?

దేశం మొత్తం చూస్తే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 71 శాతం మంది అతివేగం వల్ల పోయారని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెబుతోంది. అందుకే, క్లాసు అయ్యాక కూడా వేగం తగ్గించని డ్రైవరును నేను వెనకేసుకు రాను. అతని తరఫున జవాబు కూడా రాయను. స్పీడ్ గవర్నర్‌ను పనిచేయకుండా చేయించుకునేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. 2015 అక్టోబరు 1 తర్వాత తయారైన రవాణా వాహనాలకు ఎనభై దాటకుండా గవర్నర్ ఉండాలని నియమం. అది తీసేయించిన ఓనరు ఎవరు, తీసిన మెకానిక్ ఎవరు అన్నది మీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ఇంకాస్త గట్టిగా అడగాలని కూడా కోరుతున్నాను.

ఇప్పుడు తేదీల సంగతి.

కెమెరాలతో పట్టే కేసులకు 2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో 167ఏ అనే కొత్త నియమం చేర్చింది. అందులో మా డ్రైవర్లకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. కెమెరా ఉన్న రోడ్డు మొదలయ్యే చోటుకు ముందే, ఇక్కడ నిఘా ఉందని కనబడేలా బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపల నోటీసు పంపాలి. ఈ రెండోది ఊరికే పెట్టిన గడువు కాదు. ఈ వారం చేసిన తప్పుకు వచ్చే వారం నోటీసు అందితే మనిషి ఆ మలుపును, ఆ రోజు తొందరను, ఆ బోర్డును గుర్తుచేసుకుంటాడు. ఏడాది తర్వాత ఎఫ్‌సీ రోజున బయటపడితే అతనికి గుర్తుండేది పోయిన డబ్బు ఒక్కటే.

పంపడం ఒకటి, అందడం ఒకటి. చలానా బండి నంబరు మీద వస్తుంది, మెసేజ్ రికార్డులో ఉన్న ఫోన్‌కు పోతుంది. సొంత కారు ఉన్న ఉద్యోగికి ఇందులో ఇబ్బంది లేదు, బండీ తనదే, ఫోనూ తనదే. కూలికి బండి తోలేవాడి పరిస్థితి వేరు. బండి ఒకరిది, ఫోన్ నంబరు ఒక్కోసారి ఆ బండిని అమ్మినవాడిది, లైసెన్సు మాత్రం ఇతనిది. శిక్ష చివరికి పడేది ఆ లైసెన్సు మీద. అలాంటప్పుడు డ్రైవరు పేరు తెలిసిన రోజున, అతని లైసెన్సుకు జోడించి ఉన్న నంబరుకే ఇంకో మెసేజ్ పంపడానికి కంప్యూటరుకు ఎంత కష్టం? లైసెన్సు రికార్డులో ఫోన్ నంబరు ఉంది. ఓనరు రాసిచ్చిన కాగితంతోనే డ్రైవరును నేరస్థుణ్ని చేసే ముందు, ఆ రోజు బండి తోలింది నువ్వేనా అని అతన్నొకసారి అడగాలి కదా. ఒకే బండిని ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి తోలే చోట, పని మానేసి పోయిన డ్రైవరు పేరు రాసిచ్చేయడం ఓనరుకు చాలా సులువు.

రెండో నేరం లెక్క కూడా ఇక్కడే చెడిపోతోంది. సెక్షన్ 200 ప్రకారం ముందు ఒక తప్పుకు జరిమానా కట్టి ఉంటే, తర్వాత చేసిన తప్పు రెండోది. తర్వాత చేసిన తప్పు అంటే తర్వాత తేదీన రోడ్డు మీద చేసినదే కావాలి. ముందు తేదీన చేసి తర్వాత తేదీన డబ్బు కట్టింది ఎలా అవుతుంది? చట్టం చూడమన్నది తప్పు చేసిన రోజును. ఆఫీసు తెర మీద కనబడుతున్నది డబ్బు కట్టిన రోజు. ఈ తేడాతో ఒక మనిషి జీవనాధారం పోతోంది. సెక్షన్ 19 ఇంకా స్పష్టంగా ఉంది. లైసెన్సింగ్ అధికారి డ్రైవరు చెప్పేది వినాలి, ఉత్తర్వు ఇస్తే కారణాలు రాతలో పెట్టాలి, వినదగ్గ జవాబైతే వదిలేసే అధికారం కూడా ఆయనకుంది. మధ్యలో రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేశాడన్న విషయం ఆ కారణాల్లో ఒక్క వాక్యమైనా కావాలా వద్దా? క్లాసు పెట్టింది ప్రభుత్వమే. ఆ క్లాసు మనిషిని మార్చిందా లేదా అని చూడడానికి ప్రభుత్వం దగ్గరున్న కొలత, క్లాసు తర్వాత అతను ఎలా తోలాడన్నది ఒక్కటే. దాన్ని వదిలేసి ముందరి ఫొటోను పట్టుకుంటే క్లాసుకు విలువ ఏముంది?

ఇంకొక మాట చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. ఈ మాట మా వ్యాపారులకు కొందరికి కోపం తెప్పిస్తుంది.

మీది రాయచోటి, మదనపల్లె మార్కెట్ మీకు కొత్త కాదు. పలమనేరు, వి.కోట, పుంగనూరు, మదనపల్లె, అటు కోలారు వైపు మండీలు, ఇవన్నీ టమోటా మీద బతికే ఊళ్లు. టమోటా ఒక పూట ఆగితే ధర పడుతుంది, ఎండకు క్రేటులోనే మెత్తబడుతుంది. చెన్నై కోయంబేడు మార్కెట్‌లో బేరాలు తెల్లవారకముందే మొదలవుతాయి. ఇక్కడ వేలం ఆలస్యమైతే, హమాలీలు దొరకక లోడింగ్ ఆలస్యమైతే, ఆ పోయిన టైమంతా డ్రైవరు నెత్తిన పడుతుంది. “మూడుకంతా ఆడుండాల” అని ఫోన్లో చెబుతారు. ఆలస్యమైతే బాడుగలో కోత. రోడ్డు పొడవు తగ్గదు, ఘాట్ వాలు తగ్గదు, తగ్గించుకోగలిగింది ఒక్క టైమే. దాన్ని తగ్గించుకోవడానికి డ్రైవరుకున్న సాధనం ఒక్క యాక్సిలరేటరే. పాలవ్యాన్లదీ పూలబండ్లదీ ఇదే కథ.

ఈ సంగతి చట్టం రాసినవాళ్లకు తెలుసు. సెక్షన్ 183లో హద్దు దాటి బండి నడిపినవాడితో పాటు, తన కింద పనిచేసేవాడిచేత అలా నడిపించినవాడు కూడా శిక్షార్హుడే. 2019కి ముందు యజమాని గురించి వేరే ఉపసెక్షన్ ఉండేది. సవరణలో అతన్ని డ్రైవరున్న వాక్యంలోకే తెచ్చి పక్కన నిలబెట్టారు. ఇదే సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఇంకా ముందుకు పోయింది. వేగపరిమితి దాటకుండా చేరడం కుదరని టైముకు చేరాలని ఎవరైనా టైంటేబుల్ ఇచ్చినా, ఆదేశం ఇచ్చినా, ఆ ఆదేశమే అతని నేరానికి ప్రాథమిక సాక్ష్యం. ఇంత చక్కని మాట చట్టంలో ఉంది. నేను ఈ బల్ల దగ్గర కూర్చున్నప్పట్నుంచి ఆ నాలుగో ఉపసెక్షన్ కింద వచ్చిన ఒక్క నోటీసు కూడా చూడలేదు. డ్రైవరు పేరు మీద వచ్చినవే అన్నీ. క్లాసుకు కూర్చునేదీ అతనే. టైము పెట్టినవాణ్ని కూడా ఒక పూట ఆ క్లాసులో, డ్రైవరు పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. హైదరాబాదులో తాగినవాడి పక్కన ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టగలిగినప్పుడు, ఇక్కడ లోడు బండి డ్రైవరు పక్కన ఓనరునో, సరుకు పంపిన వ్యాపారినో కూర్చోబెట్టడం అసాధ్యం కాదు.

ఆ క్లాసు ఎలా ఉండాలో కూడా చెబుతాను, ఎందుకంటే పోయివచ్చినవాళ్లు చెప్పింది విన్నాను. ఇక్కడి రోడ్డు గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. గుర్తుల పట్టిక చూపిస్తారు, హెల్మెట్ పెట్టుకోమంటారు, సీటు బెల్టు పెట్టుకోమంటారు. లోడుతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఉండాలో చెప్పరు. చీకట్లో ఏనుగు రోడ్డు మీద నిలబడితే దాని నల్లని ఒళ్లు హెడ్‌లైటుకు ఎంత దగ్గరకొచ్చాక కనబడుతుందో చెప్పరు. వేగం అరవై నుంచి ఎనభైకి పోతే మూడో వంతే పెరిగిందనిపిస్తుంది, ఆపడానికి బ్రేకు మోయాల్సిన బరువు మాత్రం దాదాపు ఒకటిముప్పావు రెట్లు అవుతుంది. ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపిస్తే, ఏడో తరగతితో చదువు ఆపేసినవాడికి కూడా ఎక్కుతుంది. బండితో రోజూ బతికేవాడికి ఈ విషయం మనకంటే బిన్నా అర్థమవుతుంది. 2021 జులై నుంచి గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలకు కేంద్రం నియమాలు పెట్టింది. చిన్న బండి కోర్సు 29 గంటలు, భారీ వాహనానికి 38 గంటలు, సిమ్యులేటర్లు, ట్రాకు. భారీ వాహనాల శిక్షణకు రెండెకరాల స్థలం. అలాంటి కేంద్రం ఒకటి పలమనేరు డివిజన్‌లో పెట్టించండి. మూడు నెలలు సంపాదన లేని మనిషిని క్లాసు కోసం బస్సు చార్జీలు పెట్టుకుని దూరం పోయి రమ్మంటే, అతను తొందరగా సర్టిఫికెట్ చేతికొస్తే చాలనుకుంటాడు, నేర్చుకోవాలని అనుకోడు.

జరిమానాల్లో తగ్గింపు మేళాలు పెట్టమని మిమ్మల్ని చాలామంది అడుగుతూ ఉంటారు. దయచేసి ఒప్పుకోకండి. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పెండింగ్ చలానాల మీద భారీ తగ్గింపు ఇచ్చారు. రెండోసారి టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం. ఖజానాకు డబ్బు వచ్చింది, నిజమే. కానీ వచ్చిన వెంటనే నిజాయితీగా కట్టినవాడు పూర్తిగా కట్టాడు, నాన్చినవాడు కొంత భాగమే కట్టి బయటపడ్డాడు. ఇంకో మేళా వస్తుందిలే అని ఆగడం జనానికి అలవాటైంది. మాకు తగ్గింపు వద్దు. ఏ తేదీ తప్పును ఆ తేదీ తప్పుగా చూస్తే చాలు.

అందుకని, మంత్రిగారూ, కేంద్ర చట్టాన్ని మార్చమని అడిగి మీకు తప్పించుకునే దారి ఇవ్వదలచుకోలేదు. లైసెన్సింగ్ అధికారులు మీ శాఖ కిందివాళ్లు. వాళ్లకు మీరు ఒక సర్క్యులర్ ఇవ్వవచ్చు. సెక్షన్ 19 కింద రెండో నేరమని నోటీసు ఇచ్చే ముందు, జరిమానా కట్టిన తేదీని పక్కనబెట్టి తప్పు చేసిన తేదీని చూడాలి. డ్రైవరు రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేసిన తేదీకి ముందు జరిగిన తప్పు తర్వాత బయటపడితే, దానికి జరిమానా మామూలుగా వసూలు చేయాలి గానీ రద్దుకు ఆధారం చేయకూడదు. కోర్సు తర్వాత తేదీన జరిగిన తప్పయితే చట్టం చెప్పినట్టే రద్దు చేయాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. పదిహేను రోజుల్లో నోటీసు పోయిందా లేదా అన్నది ఫైల్లో రాయాలి. ఓనరు ఎవరి పేరు రాసిచ్చాడో ఆ డ్రైవరుకు తన నంబరుకే కబురు పోవాలి, కాదని చెప్పుకోవడానికి గడువు ఉండాలి. సరుకు బండి అతివేగానికి దొరికిన ప్రతి కేసులో, ఎప్పటికి చేరమన్నారు, ఎవరు చేరమన్నారు అన్న రెండు ప్రశ్నలు డ్రైవరును అడిగి రాసుకోవాలి. కెమెరాలకు ముందు నియమం చెప్పిన బోర్డులు లేనిచోట, ముందు బోర్డులు పాతించి తర్వాత చలానాలు మొదలుపెట్టాలి. రేపు బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మా పక్కనుంచే పోతుంది. అప్పుడు కెమెరాలు ఇప్పటికంటే ఎన్నో రెట్లు అవుతాయి, పాత తేదీల చలానాలు కూడా అన్ని రెట్లవుతాయి. ఈ పద్ధతిని ఇప్పుడే సరిచేయడం తేలిక.

ఆ డ్రైవరు తరఫున జవాబు నేనే రాశాను. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి, కోర్సు సర్టిఫికెట్ నకలు జతచేసి ఇచ్చాము. విచారణకు ఇంకా పిలవలేదు. ఇప్పుడు అతని లైసెన్సు వాడకంలో ఉంది, బండి తోలుతున్నాడు. పిలిచిన రోజు బాడుగ వదులుకుని పోయి నిలబడతాడు. ఆ లోపల మీ సర్క్యులర్ వస్తే అతనికి పనికొస్తుంది, రాకపోతే అతని తర్వాత వచ్చేవాళ్లకైనా పనికొస్తుంది. ఒక పేజీ దాటని సర్క్యులర్ అది. మీ ఆఫీసువాళ్లు కోరితే దాని ముసాయిదా తెలుగులో రాసి, సెక్షన్లతో సహా వెంటనే పంపుతాను.

ఇట్లు,
డ్రైవర్ల అర్జీలు రాసే ఒక పౌరుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా.